వియెరెమా ఊళ్లో ఒక షెడ్డు

అందరికీ నమస్కారం.

పాలిటెక్నిక్ విద్యార్థులు, లేత్ షెడ్ల వాళ్లు, ట్రాక్టర్ డ్రైవర్లు కలిసి కూర్చున్న సభను నేను ఇదే మొదటిసారి చూస్తున్నాను. చాలా సంతోషంగా ఉంది. నేను ముప్పై ఏళ్లుగా ట్రాక్టర్ ట్రాలీలు తయారుచేసే షెడ్డు నడుపుతున్నాను. అందులో ఎక్కువ భాగం జామాయిల్ కర్ర మోసే ట్రాలీలే. అందుకే ఏదైనా ఒక కంపెనీ చరిత్ర చెప్పండి అని అడిగినప్పుడు, అడవిలో కర్ర కోసే మెషిన్లు చేసే కంపెనీని ఎంచుకున్నాను. పేరు పోన్సె. ఊరు వియెరెమా. దేశం ఫిన్లాండ్.

ముందు ఆ నేల సంగతి కాస్త చెప్పాలి. అది తెలియకపోతే ఆ మెషిన్ ఎందుకు పుట్టిందో అర్థం కాదు.

ఫిన్లాండ్ నేలలో నాలుగింట మూడు వంతుల దాకా అడవే. అందులో సగానికి పైగా మామూలు కుటుంబాల సొంతం. మనకు పొలం ఉన్నట్టు వాళ్లకు అడవి ఉంటుంది. తాత నాటిన చెట్టు మనవడి చేతికొస్తుంది. ఆ మధ్యకాలంలో రెండు మూడుసార్లు అడవిని పలచన చేస్తారు, మనం ఒత్తుగా మొలిచిన మొక్కలు పీకినట్టు. అంటే మెషిన్ చెట్ల మధ్య సందుల్లో తిరగాలి. మిగిలే చెట్టు బెరడుకు గీత పడకూడదు. నేలేమో చాలాచోట్ల రాళ్లు, లేదంటే కాలు దిగబడే బురద. చలికాలంలో గడ్డకడితేనే ఆ నేల బరువు ఓరుస్తుంది. కాబట్టి కోత ఎక్కువగా ఆ గడ్డు చలిలోనే. గుర్రాలతో దుంగలు లాగించిన తరం అక్కడ మొన్నమొన్నటిదే. గుర్రాల తరువాత వ్యవసాయ ట్రాక్టర్లు వచ్చాయి. వాటిలో చాలావాటికి ఆ అడవిని తట్టుకునే శక్తి లేదు.

ఆ వియెరెమాలోనే 1943లో ఎయినారి విద్‌గ్రెన్ పుట్టాడు. చిన్నతనంలోనే అడవి పనికి వెళ్లాడు. 1960లలో సొంతంగా మెషిన్ పెట్టుకుని కర్ర మోసే కాంట్రాక్టరు అయ్యాడు. ఇక్కడున్న కాంట్రాక్టర్లకు ఆయన కష్టం నేను వివరించక్కర్లేదు. దుంగ మిల్లుకు చేరితేనే డబ్బు. మెషిన్ ఆగిందంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఆ కాలపు మెషిన్లు అస్తమానం విరిగిపోయేవి. బాగుచేయడం, మళ్లీ విరగడం, మళ్లీ బాగుచేయడం.

ఏ ముక్క ఎక్కడ విరుగుతుందో చేత్తో పట్టుకుని చూసిన మనిషి ఆయన. దాంతో ఊళ్లో ఉన్న షెడ్డులో తనకు కావలసిన మెషిన్ తానే కట్టుకోవడం మొదలుపెట్టాడు. అమ్మకం కోసం కాదు, తన పని ఆగకూడదని. తయారైన మెషిన్ అడవిలో నిలబడింది. అది చూసి ఇతరులు మాకూ కావాలన్నారు. 1970లో పోన్సె కంపెనీ పుట్టింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు.

ఆ పేరు నాకు ఎంతో ఇష్టం. పోన్సె అంటే వియెరెమాలో తిరిగిన ఒక వేటకుక్క పేరు. మేలుజాతిది కాదు, రెండు మూడు జాతులు కలిసిన కుక్క. చూడటానికి ఎలా ఉన్నా గట్టి పిండం. మొదటి మెషిన్ కూడా అటుదొకటి ఇటుదొకటి కలిపి కట్టిందేగా, ఆ పేరు అతికినట్టు సరిపోయింది. ఈ రోజుకీ ఆ కంపెనీ మెషిన్లకు జంతువుల పేర్లే ఎక్కువ. బఫెలో, ఎలిఫెంట్, బేర్, ఫాక్స్, స్కార్పియన్.

ఇంజినీరింగ్ చదివే పిల్లల కోసం ఆ మెషిన్లు ఎలా పనిచేస్తాయో చెబుతాను. అక్కడ ఒక చోట కోతకు రెండు మెషిన్లు దిగుతాయి. మొదటిది హార్వెస్టర్. పొడవాటి క్రేన్ చివర ఒక తల వేలాడుతుంది. అసలు పనంతా ఆ తలదే. అది మానును మొదలు దగ్గర పట్టుకుంటుంది, రంపం కొన్ని సెకన్లలో కోసేస్తుంది, చెట్టు పడుతుండగానే పళ్లున్న రోలర్లు మానును లాగుతాయి, కత్తులు కొమ్మలు గీసేస్తాయి. ఆ లాగడంలోనే పొడవు, లావు కొలిచి కంప్యూటర్‌కు చేరవేస్తుంది. ఈ మానులో ఎంత ముక్క రంపపు మిల్లుకు పోవాలి, ఎంత కాగితపు మిల్లుకు పోవాలి అని లెక్క కట్టి అక్కడే ముక్కలు చేస్తుంది. రెండోది ఫార్వర్డర్. ఎనిమిది చక్రాల బండి, నడుము దగ్గర వంగుతుంది. దుంగలను నేలమీద ఈడ్చకుండా వీపున మోసి రోడ్డు పక్కకు చేరుస్తుంది. నరికిన కొమ్మలను హార్వెస్టర్ తన ముందే పరుచుకుంటూ పోతుంది. ఆ కొమ్మల మీదుగా చక్రాలు నడుస్తాయి కాబట్టి నేల అంతగా చితకదు. ఈ చిన్న ఏర్పాటు గురించి చదివినప్పుడు నేను పుస్తకం పక్కనపెట్టి చాలాసేపు ఆలోచించాను.

పోన్సె మొదట చేసింది ఫార్వర్డర్లే. 1983లో ఎస్15 అనే మోడల్ తెచ్చారు. దాన్ని తేలిగ్గా కట్టడానికి అల్యూమినియం వాడారు. అడవి మెషిన్‌కు అల్యూమినియమా అని ఎవరైనా అడుగుతారు. కానీ బురదలో బండి సొంత బరువు ఒక టన్ను తగ్గితే, ఆ టన్ను కర్ర అదనంగా ఎక్కించుకోవచ్చు, లేదా అంత తక్కువ దిగబడుతుంది. 1980ల రెండో సగంలో హార్వెస్టర్ తల కూడా సొంతంగా చేశారు. 1990ల మొదట్లో ఫిన్లాండ్‌ను పెద్ద మాంద్యం పట్టుకుంది. పక్కనే సోవియట్ యూనియన్ కూలిపోయి వ్యాపారం దెబ్బతింది. ఆ రోజుల్లోనే, 1993లో, ఎర్గో అనే హార్వెస్టర్ వచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా ఆ పేరుతో మెషిన్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. మెషిన్ మెదడు లాంటి కంట్రోల్ వ్యవస్థను కూడా బయట కొనకుండా సొంతం చేసుకున్నారు. ఎపెక్ అనే వాళ్ల అనుబంధ కంపెనీ ఆ పని చూస్తుంది.

1995లో హెల్సింకి స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో షేర్లు పెట్టారు. షేర్లు బజారుకెక్కాక కుటుంబం చేతిలోంచి కంపెనీ జారిపోవడం మనం ఎన్నోచోట్ల చూశాం. ఇక్కడ అలా జరగలేదు. ఎయినారికి నలుగురు కొడుకులు: యూహా, యుక్కా, యాన్నే, యార్మో. సగానికి పైగా వాటా ఆ కుటుంబం దగ్గరే నిలిచింది. యూహా చాలా ఏళ్లు బోర్డు ఛైర్మన్‌గా ఉన్నాడు. యార్మో అమ్మకాల పని చూశాడు. యుక్కా బోర్డులో ఉంటూనే సినిమాలు తీస్తాడు. రోజువారీ నడిపే ముఖ్య అధికారి పదవిని మాత్రం 2008లో కుటుంబం బయటివాడైన యూహో నుమ్మెలాకు ఇచ్చారు. వాటా మనది కాబట్టి కుర్చీ కూడా మనదే కావాలని పట్టుబట్టలేదు. మన షెడ్ల వాళ్లం ఈ విషయం ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. నేనూ మా అబ్బాయితో ఇంకా మాట్లాడలేదు.

ఫ్యాక్టరీ ఇప్పటికీ వియెరెమాలోనే ఉంది. నాలుగు వేల మంది కూడా లేని ఊరది. ఓడరేవు దగ్గరకో, రాజధాని పక్కకో మారిపోవడానికి కారణాలు చాలానే ఉంటాయి. వాళ్లు ఉన్నచోటే 2018లో ఫ్యాక్టరీని బాగా పెద్దది చేశారు. గేటు దాటితే అడవి. పొద్దున ఒక పార్టు మారిస్తే, అది ఎలా పనిచేస్తోందో చెప్పగల డ్రైవరు దగ్గర్లోనే ఉంటాడు. ఈ కంపెనీ బలం ఆ దగ్గరితనంలో ఉందని నా నమ్మకం.

స్కార్పియన్ చూడండి. 2013లో స్వీడన్‌లోని ఎల్మియా వుడ్ ప్రదర్శనలో బయటపెట్టారు. మామూలు హార్వెస్టర్‌లో క్రేన్ డ్రైవర్ పక్కనో ముందరో ఉండి చూపుకు అడ్డం వస్తుంది. ఇందులో క్యాబిన్ నడిమధ్యలో పెట్టి, క్రేన్‌ను క్యాబిన్ పైనుంచి వంచారు. నేల ఎటు ఒరిగినా క్యాబిన్ నిటారుగా ఉంటుంది. రోజుకు ఎనిమిది, పది గంటలు ఆ సీట్లో కూర్చునేవాడి మెడ నొప్పి తెలిసినవాళ్లకే ఇలాంటి మెషిన్ తోస్తుంది.

ఈ సందర్భంలో నా సంగతి ఒకటి చెప్పాలి. ఒకప్పుడు మేము కట్టిన ట్రాలీల్లో డ్రాబార్, అంటే ట్రాలీని ట్రాక్టర్‌కు తగిలించే ముందు కడ్డీ, ఒకేచోట వంగిపోతోందని ఫిర్యాదులు వచ్చాయి. నేను ప్లేటు మందం పెంచాను. మళ్లీ వంగింది. చివరికి ఒక డ్రైవర్ అన్న అన్నాడు, "మీరొకసారి లోడుతో వాగు దాటి చూడండి సార్" అని. వెళ్లాను. బరువంతా వెనక్కి పోయి, గట్టు ఎక్కేటప్పుడు డ్రాబార్ పైకి లేస్తోంది. తప్పు మందంలో లేదు, ఇరుసు పెట్టిన చోటులో ఉంది. ఎయినారి గురించి చదివినప్పుడల్లా నాకు ఆ వాగే గుర్తొస్తుంది.

పోన్సె మెషిన్లు ఇప్పుడు చాలా దేశాల్లో తిరుగుతున్నాయి. బ్రెజిల్‌లో జామాయిల్ తోటల కోసం ప్రత్యేకంగా ఒక తల చేశారు. అది మానును ముందుకూ వెనక్కూ తిప్పి లాగుతూ కోతతో పాటే బెరడు కూడా ఒలిచేస్తుంది. మన దగ్గర అదే జామాయిల్‌కు బెరడు తీయాలంటే ఎండలో కూర్చుని చేత్తో ఒలవాలి. ఆ కూలి మీద బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పది మంది పని మెషిన్ ఒక్కటే చేస్తే ఆ పది మందికి ఏం చూపిస్తాం? ఈ ప్రశ్నకు ఆ కంపెనీ చరిత్రలో మనకు జవాబు దొరకదు, మనమే వెతుక్కోవాలి. అడవిని మితిమీరి కోస్తున్నామా అనే వాదన ఫిన్లాండ్‌లోనే గట్టిగా నడుస్తోంది. కర్ర మెషిన్ల గురించి మెచ్చుకుంటూ మాట్లాడేవాడు దాన్ని దాచకూడదు.

2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక రష్యా వ్యాపారాన్ని వదులుకున్నారు. పక్క దేశం, పెద్ద మార్కెట్. అయినా అక్కడి కంపెనీని అమ్మేసి బయటికొచ్చారు. అదే ఏడాది ఈవీ1 అనే ఫార్వర్డర్ చూపించారు. చక్రాలను తిప్పేది కరెంటు, బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టడానికి బండిలోనే ఒక ఇంజిన్.

ఎయినారి 2010లో చనిపోయాడు. అంతకు ముందు 2005లో తన పేరున ఒక ఫౌండేషన్ పెట్టాడు. అది అడవి మెషిన్లు నడిపే డ్రైవర్లకు, కోత కాంట్రాక్టర్లకు బహుమతులు ఇస్తుంది. ఇరవై ఏళ్లు బాగా మెషిన్ నడిపినవాడిని వేదిక మీదకు పిలిచి సన్మానం చేయడం నేను మన దగ్గర ఎప్పుడూ చూడలేదు.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ఇందాక చెప్పిన డ్రైవర్ అన్న మూడో వరుసలో కూర్చున్నారు. కొత్త ట్రాలీల్లో ఇప్పుడు ఏ ఇబ్బంది ఉందో ఆయన్ను అడుగుదాం. అన్నా, ఇటు రండి, మైకు తీసుకోండి.