జిప్పు లేని గౌను: యుద్ధకాలపు అమెరికా ఫ్యాషన్‌పై చర్చ

యాంకర్: 1940 జూన్‌లో ప్యారిస్ జర్మన్ల చేతికి చిక్కింది. న్యూయార్క్ గౌన్ల వ్యాపారం అప్పటిదాకా ప్యారిస్ వైపే చూసేది. మరి ఏం చేశారు సార్?

చరిత్ర అధ్యాపకుడు: కాపీ కొట్టడానికి నమూనా లేకపోతే సొంత బుర్ర వాడక తప్పదు కదండీ. అయితే కొంత పని ముందే జరిగింది. లార్డ్ అండ్ టేలర్ షాపులో డొరొతీ షేవర్ 1930ల మొదట్లోనే అమెరికన్ డిజైనర్ల పేర్లు వేసి ప్రకటనలిచ్చారు. మామూలుగా గౌను మీద కంపెనీ పేరో, షాపు పేరో ఉండేది. గీసినామె ఎవరో ఎవరికీ తెలియదు.

టైలర్: ఇప్పుడు మాత్రం తెలుస్తుందా సార్?

(నవ్వులు)

ఫ్యాషన్ టీచర్: నన్నడిగితే అసలు కథ అమెరికన్ డిజైనర్ క్లేర్ మెకార్డెల్‌ది. 1942లో గుడ్డ ఆదా చేయడానికి అమెరికా ప్రభుత్వం ఎల్-85 అని ఆర్డర్ తెచ్చింది. గౌను అంచు మడత కూడా రెండంగుళాలు దాటకూడదు!

టైలర్: అమ్మో, రేపు పొడవు పెంచమంటే ఎలా మేడమ్?

ఫ్యాషన్ టీచర్: అదే టెన్షన్! పైగా మెటల్ యుద్ధానికి పోయింది, జిప్పులకు కరువు. పనిమనుషులేమో ఫ్యాక్టరీల్లో చేరిపోయారు. వంటా, అతిథులూ ఇల్లాలి మీదే పడ్డాయి. అప్పుడు క్లేర్ ‘పాపోవర్’ కుట్టింది. చుట్టూ తిప్పి కట్టుకునే డెనిమ్ గౌను, ఒక పెద్ద జేబు, వేడి గిన్నెలు దించడానికి జతగా ఒక గ్లోవ్. ధర 6.95 డాలర్లు. 1943లో చెప్పులకూ రేషన్ వచ్చింది. డాన్సర్లు వేసుకునే మెత్తటి చెప్పులకు కూపన్ అక్కర్లేదు కాబట్టి, వాటినే తన గౌన్లకు జత చేసింది.

అధ్యాపకుడు: ఫ్యాషన్‌కి ప్రచారం చేసిపెట్టే ఎలినార్ లాంబర్ట్‌ని మర్చిపోకండి. 1943లో విలేకర్లను న్యూయార్క్ పిలిచి, అమెరికన్ గౌన్లు చూపించే ‘ప్రెస్ వీక్’ పెట్టింది ఆవిడే. ఎంత మంచి గౌనైనా పేపర్లో రాకపోతే...

ఫ్యాషన్ టీచర్: పేపర్ చూసి కొంటారేమో గానీ, రోజూ వేసుకునేది జేబు చూసే సార్.

యాంకర్: 1947లో ప్యారిస్ నుంచి డిజైనర్ డియోర్ గజాల కొద్దీ గుడ్డతో గేరా గౌన్లు దించాడు. అంతటితో వీళ్ళ పని అయిపోయిందా?

ఫ్యాషన్ టీచర్: ఎందుకైపోతుంది? క్లేర్ 1958లో చనిపోయేదాకా డిజైన్లు చేస్తూనే ఉంది.

టైలర్: మేడమ్, ఒక్క మాట. ఆ గ్లోవ్ కుడిచేతికా, ఎడమచేతికా? రేపొకటి కట్ చేసి చూద్దామని.