తాత కట్టిన తామర తొట్టి: పగలగొట్టాలా, బాగు చేయించాలా?

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు, మేం డాలస్ నుంచి తిరుపతి వచ్చి ఈరోజుకి తొమ్మిది రోజులు, జెట్‌ల్యాగ్ పోయింది, పిల్లలకి దోమకాట్లు మొదలయ్యాయి, గొడవంతా అక్కడే స్టార్ట్ అయింది.

ఇదిగో చూడండి, తిరుచానూరు రోడ్డు పక్క మా పెరట్లో ఉన్న తామర తొట్టి. తొమ్మిది అడుగులు పొడుగు, అయిదు వెడల్పు, రెండున్నర లోతు, అంటే నిండా పోస్తే 3,200 లీటర్ల దాకా పడతాయి. మా తాత కట్టించింది. తిరుచానూరు పద్మావతి అమ్మవారు తామరపూవులో పుట్టింది కదా, అందుకని మా అవ్వకి ఇంట్లో తామర ఉండాలని. ఇప్పుడు తామర లేదు, పాచి ఉంది, ఒక చెప్పు కూడా ఉంది, ఎవరిదో తెలీదు.

కొంచెం దగ్గరికి రండి, కెమెరాకి కనిపిస్తుందో లేదో, ఆ సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి కదా, నా చెయ్యి నీడ పడగానే మెలికలు తిరుగుతూ కిందికి పోతాయి. అవే దోమ పిల్లలు. గుడ్డు నుంచి దోమ అవ్వడానికి పది రోజులు చాలు. నీళ్లు తోడేస్తే అయిపోతుందిలే అనుకున్నా గానీ, డెంగ్యూ దోమ గుడ్లు నీటి అంచు మీద గోడకి అంటుకుని ఉంటాయట, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలు వచ్చేస్తాయి. గోడలు బ్రష్ పెట్టి రుద్దాల్సిందే.

నేనైతే పగలగొట్టించి ఫైబర్ తొట్టి పెట్టిద్దాం అని ఫిక్స్ అయ్యా. ఒక కాంట్రాక్టర్ వచ్చి, లోపలికి తొంగి కూడా చూడకుండా, "మేడమ్ ఇది వేస్టు" అనేసి ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. అమ్మ వంటింట్లోంచే అరిచింది, "ఆ తొట్టి ఏం పాపం చేసిండాది మే, పగలగొట్టేదానికి?" అని. మా ఆయన వీడియో కాల్‌లో, లోపల ప్లాస్టిక్ షీట్, అదే లైనర్, వేస్తే సరిపోతుంది కదా, మన పక్కింటోళ్లు వేసుకున్నారు అన్నాడు. నాయన నవ్వి, "ఈడ పందికొక్కులు ఉండాయని చెప్పు అల్లుడికి, రెండు రాత్రుల్లో కొరికి పెడతాయి" అన్నాడు. ఆ పాయింట్ డాలస్‌లో కూర్చుంటే తట్టదండీ.

సరే, అసలు లీకేజీ ఎంతో చూద్దాం అని బకెట్ టెస్ట్ చేశా. తొట్టి నింపి, అందులో ఒక రాయి మీద బకెట్ పెట్టి, బకెట్‌లో కూడా తొట్టి నీళ్లే అదే ఎత్తుకి పోసి, రెండిటికీ మార్కర్‌తో గీత గీశా. ఎండకి ఆవిరయ్యేది రెండిట్లోనూ ఒకటేలా తగ్గుతుంది కదా, తొట్టిలో దానికంటే ఎక్కువ తగ్గిందంటే అది కారుతున్నట్టు. మర్నాడు బకెట్‌లో అర సెంటీమీటర్ పైన, తొట్టిలో నాలుగు. అయిపోయింది, పగిలిందే అనుకున్నా. కానీ నాయన నీళ్లు మళ్లీ నింపనియ్యలే, అట్లే వదిలెయ్ అన్నాడు. నాలుగో రోజు పొద్దున చూస్తే ఒక మట్టం దగ్గర కారడం ఆగిపోయింది, ఆ తర్వాత రెండ్రోజులు బకెట్‌తో సమానంగానే తగ్గింది. అంటే ఆ మట్టానికి కింద తొట్టి గట్టిగా ఉన్నట్టే, కారేది ఆ మట్టం దగ్గరే. సరిగ్గా అక్కడే, మోటారు పెట్టించినప్పుడు గోడకి కన్నం కొట్టి దూర్చిన పైపు ఉంది!

మేస్త్రి వచ్చి పైపు చుట్టూ ఉన్న సిమెంటుని ఉలితో ఇలా అన్నాడు, అంతే, పెంకులాగా ఊడొచ్చేసింది. వెనక పాత గచ్చు మాత్రం గీకినా రాలలే. "ఇదంతా గానుగ సున్నం పాపా, కరక్కాయ నీళ్లు, బెల్లం పోసి నూరిండేది. సిమెంటు దీనికి అతకదు. చంద్రగిరి రాజమహల్ దేంతో కట్టినారనుకున్నావు?" అన్నాడు. నిజమే, ఆ మహల్ చెక్క లేకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, చిన్నప్పుడు స్కూల్ ఎక్స్‌కర్షన్‌కి పోయినప్పుడు విన్నదే, నేను అప్పుడు పులిహోర మీద ధ్యాసలో ఉన్నా.

సో తొట్టి ఉంటోంది. పైపు తీసేసి ఆ కన్నం సున్నంతోనే పూడ్చి, పైన పూత. సున్నం నిదానంగా గట్టిపడుతుంది కాబట్టి కొన్ని వారాలు తడి గోనెపట్టా కప్పి ఉంచాలి, ఆ తర్వాత నీళ్లు నింపి పారబోయడం నాలుగైదు సార్లు చెయ్యాలి, లేకపోతే సున్నం నీళ్లకి చేపలు చచ్చిపోతాయి. అప్పుడు గప్పీలు, అంటే చిన్న చేపలు, వదిలితే దోమ పిల్లల్ని అవే తినేస్తాయి. కాంట్రాక్టర్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పా, "మీ ఇష్టం మేడమ్" అని పెట్టేశాడు.

మా ఫ్లైట్ ఇంకో పన్నెండు రోజుల్లో, కాబట్టి నీళ్లు నింపేది నేను చూడను. అమ్మ అప్పుడే ఎవరింటి నుంచో తామర దుంప తెచ్చి పాత పెయింట్ బకెట్‌లో బురదలో పెట్టేసింది, అమ్మవారి బ్రహ్మోత్సవాల చివర్లో వచ్చే పంచమీ తీర్థానికన్నా తొట్టిలో ఆకులు లేస్తే చాలంటోంది. ఆ చెప్పు జతలో రెండోది కూడా దొరికిందండోయ్, అడుగున, పైపు కిందే. నాయనదంట.