చుక్క లెక్క: ఇంట్లో సుగంధ తైలాలు వాడే పద్ధతి

నమస్కారం. గుంటూరులో మా వంటింట్లో నుంచి మాట్లాడుతున్నాను. రెండు రోజులుగా ముసురు పట్టింది. మా వీధిలో ఇంటికొకరు తుమ్ముతున్నారు. నిన్న సాయంత్రం నుంచి నలుగురు వచ్చి ఒకే మాట అడిగారు: "నీలగిరి తైలం ఎన్ని చుక్కలు వేయాలమ్మా?" ఎన్ని చుక్కలు అని అడగటమే నాకు సంతోషం. చాలామంది అసలు అడగరు, సీసా వంచేస్తారు. నేను ఇరవై రెండేళ్లు నర్సుగా పనిచేశాను. ఈ తైలాలంటే నాకు ఇష్టం, మా ఇంట్లో వాడతాను. వాటిని చూసి భయపడ్డ రోజులూ ఉన్నాయి. ఆ రెండూ మీకు చెబుతాను.

ముందుగా ఈ గాజు గ్లాసు చూడండి. మంచినీళ్లు పోశాను. ఇప్పుడు ఒక చుక్క నీలగిరి తైలం వేస్తున్నాను. నీళ్ల మీదే నిలిచింది, చూశారా? చెంచాతో తిప్పుతున్నాను. చిన్న చిన్న బొట్లుగా విడిపోయింది. చెంచా ఆపాను. బొట్లన్నీ మళ్లీ పైకి చేరుతున్నాయి. బకెట్ నీళ్లలో పది చుక్కలు వేసుకుని స్నానం చేస్తే ఒళ్లు మండిపోయిందని ఒకామె నాతో అన్నారు. జరిగింది ఇదే. నీళ్లలో తైలం పలచబడదు, చుక్క చుక్కగానే వచ్చి ఒంటికి అంటుకుంటుంది. దీన్ని నూనెలోనే కలపాలి.

గుంటూరు వాళ్లకు ఈ సంగతి చేతుల్లోనే ఉంది. మా అమ్మ కల్లాల్లో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లేది. సాయంత్రం ఇంటికి రాగానే నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లేది కాదు. గుమ్మంలో కూర్చుని, అరచేతిలో నువ్వుల నూనె పోసుకుని, వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ నిదానంగా రుద్దుకునేది. పాత గుడ్డతో తుడిచాకే సబ్బు పట్టేది. మిరప ఘాటు నీళ్లకు వదలదు, నూనెకు వదులుతుంది. సుగంధ తైలం కూడా అంతే. పొరపాటున చర్మం మీద పడి మండితే ముందు వంటనూనె రాసి తుడిచేయండి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. కంట్లో పడితే మాత్రం నూనె వద్దు. ధారగా మంచినీళ్లతో పావుగంట కడిగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఈ సీసాలో ఉన్నదేమిటో కూడా తెలియాలి. నీలగిరి ఆకును ఆవిరి పట్టించి, ఆ ఆవిరిని చల్లారిస్తే నీళ్ల మీద తేలే నూనె ఇది. 100 కిలోల ఆకు వేస్తే వచ్చేది సుమారుగా ఒకటి, రెండు కిలోలు. మన వైపు కనిపించే జామాయిల్ తోటలు ఈ జాతివే, కాకపోతే వాటిని ఎక్కువగా కాగితం గుజ్జు కోసం పెంచుతారు. నాలుగు తులసాకులు వేసి కాచిన కషాయం తాగినట్టు నాలుగు చుక్కల తులసి తైలం తాగకూడదు. ఆకు వేరు, ఆకుల మోపును పిండి చుక్కలో పెట్టిన తైలం వేరు. చెట్టు నుంచి వచ్చింది కదా, ఏమీ కాదులే అనే మాటను మనసులో నుంచి తీసేయండి. ఈ వీడియోలో నేను చూపించే ఏ తైలమూ కడుపులోకి తీసుకునేది కాదు.

ఒక రాత్రి నేను డ్యూటీలో ఉండగా ఒక తండ్రి మూడేళ్ల బాబును భుజాన వేసుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. పిల్లవాడికి ఫిట్స్. నేను ముఖం దగ్గరికి వంగగానే గుప్పున కర్పూరం వాసన. హారతి పళ్లెం పక్కన మిగిలిన బిల్లలను పటికబెల్లం అనుకుని నోట్లో వేసుకున్నాడట. వెనకాలే వాళ్ల నాయనమ్మ ఖాళీ పొట్లం గుప్పిట్లో పట్టుకుని నిలబడి ఉంది, చెయ్యి వణుకుతోంది. ఆ పొట్లం ఆమె తెచ్చింది కాబట్టే డాక్టరుకు కారణం వెతుక్కునే పని తప్పింది. బాబు దక్కాడు. ఆ రాత్రి తర్వాత మా ఇంట్లో కర్పూరం డబ్బా దేవుడి గూట్లో కింద అరలో ఎప్పుడూ లేదు.

కర్పూరం మింగితే కొద్ది నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. నీలగిరి తైలం ఒక చెంచా మింగినా చిన్నపిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది. అలా జరిగితే వాంతి చేయించకండి, పాలు పట్టకండి. 108కి ఫోను చేయండి, సీసానో పొట్లాన్నో చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

పెద్దవాళ్లకు ఒక మాట. పసిబిడ్డకు జలుబు చేస్తే కొబ్బరి నూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి రాయడం మన ఇళ్లలో అలవాటు. ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. కానీ కర్పూరం చర్మంలో నుంచి కూడా ఒంట్లోకి వెళుతుంది. పిప్పర్‌మెంట్, నీలగిరి వంటి ఘాటు వాసనలు పసివాళ్ల ముక్కు దగ్గర పెడితే ఊపిరి బిగబట్టేసే ప్రమాదం ఉంది. రెండేళ్ల లోపు పిల్లలకు ఇవేవీ వద్దు. ఉయ్యాలకు కర్పూరం మూట కట్టడం కూడా మానేయండి. మందుల షాపులో సెలైన్ ముక్కు చుక్కలు దొరుకుతాయి, అవి వేయండి, పాలు తరచుగా పట్టండి. రెండు దాటిన పిల్లలకైనా డాక్టరును అడిగాకే. గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు కూడా అంతే.

సరే, ఇప్పుడు పెద్దవాళ్ల కోసం ఛాతీకి రాసుకునే నూనె కలుపుదాం. కెమెరా ఇటు తిప్పుతున్నాను.

ఇది 30 మిల్లీలీటర్ల ముదురు రంగు గాజు సీసా. వేడినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాను. ఇందులో గానుగ నువ్వుల నూనె పోస్తున్నాను. ఎండాకాలమైతే కొబ్బరి నూనె హాయిగా ఉంటుంది. కొలతకు దగ్గు సిరప్‌తో వచ్చే చిన్న గిన్నె చాలు. అయితే ఒకసారి ఇందుకు వాడిన గిన్నెను మళ్లీ మందు పోయడానికి వాడకండి. ఇప్పుడు చుక్కలు. సీసాను నిటారుగా తిప్పేయకుండా కొంచెం వాల్చి పట్టుకోండి, ఒక్కొక్కటే పడుతుంది. నీలగిరి: ఒకటి, రెండు, మూడు... ఎనిమిది. ఆగాను. పిప్పర్‌మెంట్: ఒకటి, రెండు, మూడు, నాలుగు. మొత్తం 12. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, 30 మిల్లీలీటర్లలో 12 చుక్కలంటే రెండు శాతం. పెద్దవాళ్లకు ఇది చాలు. వయసు మీద పడినవాళ్లకు, చర్మం మెత్తనివాళ్లకు సగం, అంటే 6 చుక్కలు. రెట్టింపు వేస్తే రెట్టింపు గుణం రాదు, దద్దుర్లు వస్తాయి.

మూత పెట్టి అరచేతుల మధ్య ఇలా దొర్లించండి. మొదటిసారి వాడేవాళ్లు మోచేతి లోపలి వైపు ఒక బొట్టు రాసి ఒక రోజు ఆగండి. దురద, ఎరుపు కనిపించకపోతే పడుకునే ముందు ఛాతీకి, వీపుకు పలచగా రాసుకోవచ్చు. ముక్కు రంధ్రాల్లో పెట్టకండి.

దీనివల్ల జలుబు తగ్గిపోతుందని నేను చెప్పను. జలుబు దాని రోజులు అది తీసుకుంటుంది. పిప్పర్‌మెంట్‌లోని మెంథాల్ ముక్కులో చల్లదనాన్ని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది. దాంతో గాలి ధారాళంగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, నిజానికి ముక్కు దారి అంతే ఉంటుంది. అయినా ఆ హాయితో ఒక రాత్రి నిద్ర పట్టిందంటే అది తక్కువ మేలు కాదు. మన ఇళ్లలో ఈ వాసన కొత్తది కూడా కాదు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. మా తాతయ్య తలగడ కింద ఆ డబ్బా లేకుండా నిద్రపోయేవాడు కాదు. అలాంటి బామ్ మీ ఇంట్లో ఉండి, దాన్ని ఛాతీకి రాసుకుంటే మళ్లీ పైన ఈ నూనె రాయకండి. రెండింటిలోనూ ఉన్నవి దాదాపు అవే.

ఆవిరి పట్టేవాళ్లు గిన్నెను పొయ్యి మీద నుంచి దించి, కదలని బల్ల మీద పెట్టుకోండి. నీళ్లు తెర్లడం ఆగాక రెండు చుక్కల నీలగిరి. కళ్లు గట్టిగా మూసుకుని, తువ్వాలు కప్పుకుని, ఐదు నిమిషాలు. పిల్లలకు ఆవిరి పట్టించకండి. గిన్నె ఒలికి తొడలు కాలిన పిల్లలకు నేను కట్లు కట్టాను.

తర్వాత పంటినొప్పి. ఇక్కడ లవంగ నూనెకు సాటి లేదు. పంటి డాక్టరు గది తలుపు తీయగానే ఒక వాసన వస్తుంది కదా, అది లవంగాల్లో ఉండే యూజినాల్ వాసన. జింక్ ఆక్సైడ్ పొడిలో యూజినాల్ కలిపి పంటి గుంటకు తాత్కాలికంగా పూడ్చుతారు. ఇంట్లో చేసే పద్ధతి చూడండి: చిన్న గిన్నెలో పది చుక్కల కొబ్బరి నూనె, అందులో ఒకే ఒక్క చుక్క లవంగ నూనె. పుల్లకు దూది చుట్టి, ముంచి, అంచున నొక్కి పిండండి. కారకూడదు. అద్దం ముందు నిలబడి నొప్పి ఉన్న పంటికే తాకించండి. చిగురుకు, నాలుకకు అంటితే మండుతుంది, అచ్చంగా వాడితే పుండు పడుతుంది. ఊరిన లాలాజలం ఉమ్మేయండి. కాసేపట్లో తిమ్మిరెక్కి నొప్పి సర్దుకుంటుంది. రోజుకు రెండు మూడు సార్లు, రెండు రోజులకు మించి వద్దు. పుచ్చు అక్కడే ఉంది, నొప్పి మాత్రమే మూగబోయింది. డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికే వరకు ఓర్చుకోవడానికే ఇది. దవడ వాచినా, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్లాలి. చిన్నపిల్లలకు లవంగ నూనె పెట్టకండి.

తలనొప్పికి అర చెంచా కొబ్బరి నూనెలో ఒక చుక్క పిప్పర్‌మెంట్ కలిపి నుదుటికి, కణతలకు రాయండి. కనుబొమలకు కిందికి రానివ్వకండి, రాశాక చేతులు కడుక్కోండి. పని ఒత్తిడితో, మెడ పట్టేసి వచ్చే తలనొప్పికి పిప్పర్‌మెంట్ బాగా పనిచేస్తుందని 1996లో జర్మనీ వైద్యులు ప్రచురించారు. వాళ్లు వాడింది పది శాతం ద్రావణం, అంత ఘాటు ఇంట్లో మనకు వద్దు. మే నెలలో మన ఊళ్లో మధ్యాహ్నం తల పగిలిపోతోందంటే మాత్రం సీసా వెతక్కండి. నీడకు వచ్చి, ఉప్పు వేసిన మజ్జిగ తాగి, ఒక గంట పడుకోండి. నొప్పి ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చినా, మాట తడబడినా, చూపు మసకబారినా ఇంటి వైద్యం జోలికే పోకూడదు.

మోకాళ్ల నొప్పులకు వింటర్‌గ్రీన్ అనే మొక్క ఆకుల నుంచి తీసే నూనెను అచ్చంగా కొనుక్కుని మర్దన చేసుకునేవాళ్లున్నారు. ఇది నాకు చాలా దిగులు. ఆ నూనె ఒక టీస్పూనులో ఇరవైకి పైగా ఆస్ప్రిన్ మాత్రలంత మందు ఉంటుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. గుండెకు స్టెంట్ వేయించుకున్న మీ నాన్నగారు, మామగారు ఏ నూనె రాసుకుంటున్నారో ఒకసారి సీసా తిప్పి చదవండి.

దోమలకు నిమ్మగడ్డి, సిట్రొనెల్లా నూనెలు రాసుకోవచ్చు కానీ తొందరగా ఆవిరైపోతాయి. డెంగీ రోజుల్లో దోమతెరకు అవి సాటి రావు.

కొనేటప్పుడు ఏం చూడాలి? సీసా మీద మొక్క శాస్త్రీయ నామం ఉండాలి, ఉదాహరణకు యూకలిప్టస్ గ్లోబ్యులస్. ఫ్రాగ్రెన్స్ అని ఉంటే అది దీపాలకు, సబ్బులకు వేసే వాసన, ఒంటికి రాయకండి. ఒకే కంపెనీ గులాబీని, గంధాన్ని, నిమ్మను ఒకే ధరకు అమ్ముతుంటే ఆలోచించండి. కిలో గులాబీ నూనెకు టన్నుల కొద్దీ రేకులు కావాలి, అది నిమ్మ ధరకు ఎలా వస్తుంది?

ఇంట్లో చేసే పరీక్ష ఒకటి చూడండి. ఈ తెల్ల కాగితం మీద ఇందాక మొదలుపెట్టినప్పుడు రెండు చుక్కలు వేసి పెట్టాను. ఎడమ వైపుది నీలగిరి. వెలుతురుకు పట్టుకుంటే దాదాపు ఏమీ లేదు, ఎగిరిపోయింది. కుడి వైపుది నేను నిరుడు కొన్న ఇంకో సీసాలోది. పకోడీ పొట్లానికి ఉన్నట్టు జిడ్డు మరక అలాగే ఉంది. అందులో వంటనూనె లాంటిదేదో కలిపారన్నమాట. గంధం, వట్టివేరు వంటి చిక్కటి తైలాలకు ఈ పరీక్ష పనికిరాదు, అవి అసలైనవైనా మరక వదులుతాయి.

మన ఎండలకు తైలాలు త్వరగా పాడవుతాయి. గాలి తగిలి పాతబడిన టీ ట్రీ, లావెండర్ నూనెలు కొత్తవాటికంటే చర్మాన్ని ఎక్కువ మండిస్తాయి. తెరిచిన తేదీ సీసా మీద రాసుకుని, ఏడాది దాటితే పారేయండి. ప్లాస్టిక్ సీసాల్లో పోయకండి.

ఇదిగో, మనం కలిపిన నూనె. ప్లాస్టర్ ముక్క మీద పెన్నుతో రాస్తున్నాను: "పైపూతకు మాత్రమే. నీలగిరి 8, పిప్పర్‌మెంట్ 4. నువ్వుల నూనె." కింద ఈ రోజు తేదీ. అతికించాను. మూత బిగించి ఇంకోసారి చూశాను. దీని చోటు అదిగో, స్టూలు వేసుకుంటే తప్ప నాకే అందని ఆ పై అర. కర్పూరం డబ్బా కూడా అక్కడే ఉంది.