ల్యాబ్‌కి జవాబు చెప్పారు, అమ్మకి చెప్పలేదు

నమస్తే అండి. 2015 మే నెలాఖరు గుర్తుందా? ఏ ఛానల్ పెట్టినా మ్యాగీ గొడవే. ఆ రోజుల్లో ఒక సాయంత్రం మా ఆవిడ అలమరలోంచి ప్యాకెట్ తీసి, వెనక్కి తిప్పి, సన్న అక్షరాలన్నీ చదివింది. "ఎం.ఎస్.జి. కలపలేదని రాశారుగా, మరి టీవీలో ఉందంటున్నారేంటండీ?" అని అడిగింది. (ఎం.ఎస్.జి. అంటే రుచి పెంచడానికి వేసే మోనోసోడియం గ్లుటమేట్.) నాకేం తెలుసు? పిల్లాడు ప్లేటు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఇంట్లో ఉన్న నాలుగు ప్యాకెట్లూ చెత్తబుట్టలోకి వెళ్ళాయి.

అసలు జరిగింది ఇది. 2014లో ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో ఫుడ్ ఇన్‌స్పెక్టర్లు ఒక ప్యాకెట్ పట్టుకెళ్ళి పరీక్షకి పంపారు. ఎం.ఎస్.జి. ఉందని తేలింది. తర్వాత కోల్‌కతా ల్యాబ్‌లో సీసం 17.2 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 17.2 పాళ్ళు, ఉందన్నారు. అనుమతించే హద్దు 2.5. సీసం అనేమాట చాలు కదండీ, తల్లులకి గుండె ఆగడానికి.

మ్యాగీ తయారుచేసే నెస్లే కంపెనీ ఊరుకోలేదు, ప్రకటనలు ఇచ్చింది. సొంత ల్యాబ్‌లోనూ బయటి ల్యాబ్‌లోనూ వందల బ్యాచ్‌లు పరీక్ష చేయించామంది, అన్నీ హద్దులోనే ఉన్నాయంది. మేం ఎం.ఎస్.జి. కలపం అంది. కానీ అదంతా అధికారులకి రాసిన జవాబులాగే ఉంది. మా ఆవిడ ప్రశ్న ఒక్కటే: ఈ రాత్రి పిల్లాడికి పెట్టాలా, వద్దా? దానికి సూటిగా, మామూలు మాటల్లో చెప్పినవాళ్ళు లేరు.

ఎం.ఎస్.జి. సంగతే తీసుకోండి. వేరుశనగ ప్రోటీన్, ఉల్లిపాయ పొడి, గోధుమ పిండి, వీటన్నిటిలో గ్లుటమేట్ సహజంగానే ఉంటుంది. మనం రోజూ పప్పులో వేసుకునే టమాటాలోనూ ఉంటుంది. కాబట్టి విడిగా కలపకపోయినా పరీక్షలో బయటపడుతుంది. ఈ నాలుగు ముక్కలు మొదటి రోజే తెలుగులో, హిందీలో, తమిళంలో చెప్పి ఉంటే ఎంతమంది వినేవాళ్ళో! అలాగని కంపెనీ తప్పు లేదనను. 'కలపలేదు' అని ప్యాకెట్ మీద అచ్చేస్తే చదివేవాళ్ళు 'లేదు' అనే అర్థం చేసుకుంటారు. ఆ రాత తప్పుదోవ పట్టిస్తుందని ప్రభుత్వ ఆహార భద్రత సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. అన్నది అందుకే.

మన దగ్గర మౌనం అర్ధాంగీకారం అంటారు కదా. అర్థంకాని మాట కూడా మౌనం కిందే లెక్క. రోజులు గడిచేకొద్దీ ఒక్కో రాష్ట్రం అమ్మకాలు ఆపేసింది. చివరికి జూన్ 5న కంపెనీ ప్రపంచ అధిపతి పాల్ బుల్కే ఢిల్లీ వచ్చి విలేకరుల ముందు కూర్చున్నాడు. సరుకు సురక్షితమే, కానీ జనం నమ్మకం దెబ్బతింది కాబట్టి వెనక్కి తీసుకుంటున్నాం అన్నాడు. చాలా సూటిగా ఉంది. కాకపోతే అదే రోజు ప్రభుత్వం దేశమంతా నిషేధం పెట్టింది. 30 వేల టన్నులకు పైగా నూడుల్స్ సిమెంట్ ఫ్యాక్టరీల కొలిమిల్లో కాల్చేశారు.

ఆగస్టు 13న బాంబే హైకోర్టు నిషేధం కొట్టేసి, మళ్ళీ పరీక్షలు చేయించమంది. మూడు ల్యాబ్‌లు: మొహాలీ, జైపూర్, మన హైదరాబాద్. 90 శాంపిళ్ళూ హద్దులోనే ఉన్నాయి. నవంబర్‌లో మ్యాగీ మళ్ళీ దుకాణాలకొచ్చింది. ఎం.ఎస్.జి. కలపలేదనే రాతని మాత్రం తీసేస్తామన్నారు. అంటే పరీక్షలో నెగ్గిన కంపెనీకి కూడా అయిదు నెలలు అంగట్లో సరుకు లేదు.

ఇది పెద్ద కంపెనీల గొడవ, మనకెందుకు అనుకోకండి. మొన్న మా అబ్బాయి స్కూల్ బస్సు గంటకు పైగా ఆలస్యమైంది. పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో స్కూల్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇరవై నిమిషాలకి ఎవరో "ఏమైందో తెలుసా?" అన్నారు. అరగంటకి "యాక్సిడెంట్ అంట" అన్నారు. ఒకావిడ ఏడుస్తూ వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆ టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు. తీరా చూస్తే టైరు పంచర్. పిల్లలు రోడ్డు పక్కన చెట్టు కింద కూర్చుని మిగిలిన లంచ్ బాక్సులు ఖాళీ చేస్తున్నారు.

ఆ స్కూల్ యాజమాన్యానికి నేను తర్వాత ఒక కాగితం మీద రాసిచ్చాను, ఇలా పెడితే చాలండీ అని: "బస్సు టైరు పంచరైంది. పిల్లలందరూ క్షేమం. టీచర్ పక్కనే ఉన్నారు. ఇంకో బస్సు బయల్దేరింది. పదిహేను నిమిషాల్లో మళ్ళీ చెప్తాం."