తాతగారి కంటికి గూడబాతు

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో పెద్దవాళ్లని, కుర్రాళ్లని కలిపి ఒకరోజు బయటికి తీసుకెళ్దామంటే బెజవాడ, గుంటూరు వాళ్లకి ముందు గుర్తొచ్చేవి ఉండవల్లి గుహలు, కొండపల్లి కోట. మంచి చోట్లే. కానీ మెట్లున్నాయి. మెట్లుంటే ఏమవుతుందో తెలుసుగా! కుర్రాళ్లు పైన ఫొటోలు తీసుకుంటుంటారు, పెద్దవాళ్లు కింద సంచులకి కాపలా. కలిసి వెళ్లినట్టే గానీ కలిసి చూసిందేమీ ఉండదు.

అందుకే నా ఓటు ఉప్పలపాడుకి. గుంటూరు పక్కనే, పెదకాకాని మండలం. ఊరి చెరువు, నీళ్ల మధ్య చెట్లు, ఆ చెట్ల నిండా గూడబాతులు, అదే పెలికాన్లు, ఇంకా ఎర్రకాళ్ల కొంగలు. చలికాలం పొద్దున్నే వెళ్లండి. వాచ్‌టవర్ ఎక్కకపోయినా పర్లేదు, గట్టు మీంచే కనిపిస్తాయి.

ఒక్క బైనాక్యులర్ మాత్రం పట్టుకెళ్లండి. దాని మీద 8 ఇంటూ 42 అని ఉంటే చాలు. ఎనిమిది అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని. నలభై రెండు, ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. పన్నెండు రెట్లది, పదహారు రెట్లది గొప్ప అనుకోకండి. చెయ్యి కాస్త వణికినా బొమ్మ అంతకు అన్ని రెట్లు వణుకుతుంది.

సాధారణంగా జరిగేదేంటంటే, మనవడు తన కంటికి సరిచేసుకుని, "తాతయ్యా, ఇదిగో చూడు" అని ఇస్తాడు. తాతగారికి అంతా మసక. "ఆఁ, బాగుందిరా" అని తిరిగిచ్చేస్తారు. ఏమీ కనపడలేదు పాపం!

మనవడి కంటికి కుదిరింది తాతగారి కంటికి కుదరదు. కళ్లజోడు ఉంటే తియ్యక్కర్లేదు, బైనాక్యులర్‌కి కన్ను ఆనించే చోట ఉన్న రబ్బరు కప్పుల్ని కిందికి మడవండి. రెండు రకాల చూపున్న అద్దాలైతే పైభాగంలోంచి చూడమనండి, కిందిది పేపరు చదవడానికి. ఇప్పుడు కదలని ఒక కొమ్మ చూపించండి. కుడికన్ను మూసి, ఎడమకంటికి స్పష్టంగా కనపడేదాకా మధ్య చక్రం తిప్పమనండి. తర్వాత ఎడమకన్ను మూసి, కుడికంటి దగ్గరున్న రింగు తిప్పమనండి. తిప్పాల్సింది తాతగారే. మీరు కాదు, తాతగారే.

పిట్ట దొరకడం లేదంటారా? ముందు ఉత్త కళ్లతో ఆ చెట్టునే చూస్తూ ఉండమనండి. చూపు దించకుండా బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తేవాలి. కుర్రాళ్లు "అదిగో, అక్కడ" అంటే లాభం లేదు. "పెద్ద చెట్టు, ఎడమ కొమ్మ, చివర" అని చెప్పాలి. ఒక మడత కుర్చీ వేసి, మోచేతులు ఒడిలో సంచి మీద ఆనిస్తే వణుకు తగ్గుతుంది.

అప్పుడు చూడండి. గూడబాతు పిల్ల తల్లి నోట్లోకి తల మొత్తం దూర్చేస్తుంది, మింగేస్తోందేమో అనిపించేంతగా! తల్లి తెచ్చిన చేపలు తింటోందన్నమాట. ఎండెక్కితే ఎర్రకాళ్ల కొంగ రెక్కలు విప్పి పిల్లలకి నీడ పడుతుంది. ఫొటో కోసం చప్పట్లు కొట్టి లేపకండి. పెద్దవి లేచిపోతే గూట్లో గుడ్లకీ పిల్లలకీ కాకులతో ప్రమాదం.

ఇక నీళ్లు, మాత్రల సంగతి. బాత్రూమ్ దొరకదేమోనని పెద్దవాళ్లు నీళ్లు మానేస్తారు. ఎండలో కళ్లు తిరిగేది అందుకే. దారిలో ఎక్కడ ఆగాలో బయల్దేరే ముందే వాళ్లకి చెప్పండి, నిశ్చింతగా తాగుతారు. షుగర్ మాత్ర వేసుకుని, గుంటూరులో టిఫిన్ చేద్దాంలే అని బయల్దేరితే దారిలోనే షుగర్ పడిపోవచ్చు. మాత్ర, టిఫిన్ ఎంత ఎడంలో ఉండాలో డాక్టరు చెప్పినట్టే జరగాలి. ఇడ్లీ డబ్బా డిక్కీలో పెట్టకండి, చేతికందేలా ముందు సీట్లో ఉంచండి.