సిటీ వాళ్లు వద్దనుకున్న టేబుళ్లు మా ఇంటికి | డాలస్ వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బావున్నారా? ఈరోజు మా సిటీ వాళ్ల, అంటే ఇక్కడి మున్సిపాలిటీ వాళ్ల గోడౌన్‌కి వెళ్తున్నాం. పిల్లలకి చదువుకునే టేబుళ్లు కావాలంటే, సిటీ ఆఫీసులో వాడి పక్కన పెట్టినవి ఆన్‌లైన్ వేలంలో మావారు పాడేశారు.

ఇక్కడ సిటీ, కౌంటీ (మన జిల్లా లాంటిది), స్కూల్ డిస్ట్రిక్ట్ (ప్రభుత్వ స్కూళ్లు నడిపే సంస్థ), ఎవరి దగ్గరైనా అవసరం తీరిన సామానుని సర్‌ప్లస్ అంటారు. అలాగని ఏ ఆఫీసరూ ఇంటికి పట్టుకుపోవడానికి లేదు. పన్ను డబ్బుతో కొన్నది కదా! ప్రజల సొమ్ముని ప్రైవేటు వాళ్లకి ఊరికే ధారపోయకూడదని టెక్సస్ రాజ్యాంగంలోనే ఉంది. కౌంటీలకైతే లోకల్ గవర్నమెంట్ కోడ్ అనే రాష్ట్ర చట్టంలో 263వ చాప్టర్ ఉంది. కమిషనర్స్ కోర్టు (పేరుకి కోర్టే గానీ, కౌంటీని నడిపే ఎన్నికైన పాలకమండలి) పేపర్లో ప్రకటన ఇప్పించి వేలం వెయ్యొచ్చు, కొత్తది కొనేటప్పుడు పాతది మార్పిడికి ఇవ్వొచ్చు. పాటకి పెట్టినా ఎవరూ ముందుకు రాకపోతే పనికిరానిదిగా లెక్కగట్టి పారేయొచ్చు.

మన దగ్గర ఆఫీసుల వెనక టైర్లు లేని జీపులు, వాటిలోంచి మొలిచిన వేపచెట్లు చూసే పెరిగాం కదా. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకి 2023 ఏప్రిల్ 1 నుంచి ఇండియాలో రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆపేశారు, స్క్రాప్‌కి పంపాల్సిందే.

ఈ వేలాలకి గవ్‌డీల్స్, పబ్లిక్ సర్‌ప్లస్ లాంటి సైట్లున్నాయి. ఒకసారి తెరిస్తే టైమే తెలీదండీ. గడ్డి కోసే ట్రాక్టర్లు, లైబ్రరీ అరలు, ఫైరింజన్లు, స్కూల్ బస్సులు! బస్సు కొన్నవాళ్లు చాలా రాష్ట్రాల్లో ఆ పసుపు రంగు మార్చేయాలి, లేకపోతే రోడ్డు మీద జనం స్కూల్ బస్సనుకుని ఆగిపోతారు. పోలీసు కార్లకి లైట్లు, రేడియో, స్టిక్కర్లు పీకేసి అమ్ముతారు.

మావారికి ఎప్పట్నుంచో ఒక ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా, అంటే ఇక్కడి పోలీసులు వాడిన కారు మీద కన్నుంది. దాని తయారీ 2011లోనే ఆగిపోయింది, అయినా మోజు పోలేదు. నేను మాత్రం ససేమిరా. పెట్రోలింగ్ కారు రోడ్డు పక్కన గంటల తరబడి ఇంజిన్ ఆన్‌లో పెట్టుకునే నిలబడుతుంది. మీటర్‌లో మైళ్లు తక్కువున్నా ఇంజిన్ అరిగిపోయి ఉంటుంది. అందుకే కొన్ని ప్రకటనల్లో ఐడిల్ అవర్స్, అంటే అలా నిలబడి ఇంజిన్ నడిచిన గంటలు కూడా రాస్తారు. అది రాయని కారు జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఇదిగో, వచ్చేశాం. రసీదు చూపించగానే గేటు తీశారు. ఇక్కడ ఎవరూ మోసిపెట్టరండీ, విప్పడం, ఎక్కించడం అంతా మనమే. స్క్రూడ్రైవర్, తాళ్లు, ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చుకున్న పికప్ ట్రక్, అన్నీ రెడీగా పెట్టుకున్నాం.

చవకా అని అడుగుతారని తెలుసు. టేబుళ్లు గట్టి సరుకు, బయట ఆ ధరకి రావు. కానీ పాట పాడిన మొత్తం మీద చాలా చోట్ల బయ్యర్స్ ప్రీమియం అని కొంత శాతం వేస్తారు, కొన్నిటికి సేల్స్ ట్యాక్స్ కూడా. సామాను ‘యాజ్ ఈజ్’, అంటే ఎలా ఉంటే అలాగే, వాపసు ఉండదు. గడువులోపు తీసుకెళ్లకపోతే మళ్లీ వేలానికి పెట్టేసుకుంటారు. కంప్యూటర్లయితే హార్డ్ డిస్కు తీసేసి అమ్మడం మామూలే, కొత్తది వేయించే ఖర్చు కలుపుకోండి. కుర్చీలు మాత్రం నేను వద్దంటాను, ఫోటోలో ఎంత బావున్నా కూర్చుంటే గానీ సంగతి తెలీదు. చూడనిస్తామని ప్రకటనలో రాస్తే ముందే వెళ్లి చూసి, ఆ తర్వాతే పాట పాడండి.