చెయ్యి చేసుకున్న తర్వాతి నిమిషం

అందరికీ నమస్కారం.

మా వాడికి ఈ కొట్టడం ఎక్కడ అబ్బిందండీ అని తల్లిదండ్రులు వాపోతుంటారు. అది ఎవరూ నేర్పక్కర్లేదు. కొట్టడం, కొరకడం, తోసేయడం రెండు మూడేళ్ల వయసులోనే ఎక్కువని, తర్వాత చాలామందిలో తగ్గుతూ వస్తుందని కెనడాలో రిచర్డ్ ట్రెంబ్లే పరిశోధనలు చూపించాయి. పిల్లలు ఇంట్లో నేర్చుకోవాల్సింది ఆ చేతిని ఆపుకోవడం.

పెంపకంలో గదమాయించే తీరు, అడిగిందల్లా ఇచ్చే తీరు, ప్రేమగా ఉంటూనే హద్దులు పెట్టే తీరు ఉన్నాయని 1960ల్లో అమెరికాలో మనస్తత్వవేత్త డయానా బామ్‌రిండ్ చెప్పారు. అసలు పట్టించుకోని తీరును 1983లో మరో ఇద్దరు చేర్చారు. ఈ పేర్లు పరీక్షల్లో పనికొస్తాయి. ఇంట్లో మాత్రం పొద్దున ముద్దు చేసిన మనిషే రాత్రి అలసిపోయి కసురుకుంటారు. అందుకే నేను పేర్ల కంటే ఆ నిమిషంలో ఏం జరుగుతుందో చూస్తాను.

నాలుగేళ్ల పిల్లాడు బొమ్మ కోసం చెల్లిని తోసేశాడు. అమ్మ వాడి వీపు మీద ఒక్కటి వేసిందనుకోండి. వాడి ధ్యాసంతా తన వీపు మీదే, చెల్లి మీద కాదు. అదే వాడి చెయ్యి పట్టుకుని, "చూడు, నువ్వు తోస్తే దాని మోచెయ్యి గీరుకుపోయింది, ఏడుస్తోంది" అంటే చూపు అటు తిరుగుతుంది. ఎదుటివాళ్ల బాధను చూపించే ఈ పద్ధతి గురించి మనస్తత్వవేత్త మార్టిన్ హాఫ్‌మన్ చాలా రాశారు. 1979లో చిన్నపిల్లల తల్లులపై వచ్చిన ఒక అధ్యయనం ఇంకో మాట చేర్చింది: మనసు పెట్టి, గట్టిగా చెప్పిన తల్లుల పిల్లలే ఎక్కువగా ఓదార్చడానికి వెళ్లారు. పాఠం అప్పజెప్పినట్టు చెబితే ఫలితం లేదు.

వెంటనే చెయ్యి చేసుకోవడం ఒక చిక్కు. రెండో చిక్కు, పిల్లలు మొండికేస్తే పెద్దలు మెత్తబడటం. ఫోన్ పక్కన పెట్టమంటే కూతురు విసుక్కుంటుంది. నాన్న గొంతు పెంచుతాడు. ఆమె తలుపు ధడాలున వేస్తుంది. "నీ ఇష్టం, చావు" అని నాన్న వెళ్లిపోతాడు. ఇల్లు సద్దుమణిగింది కదా అనుకుంటాం. కానీ ఎంత పెద్దగా అరిస్తే అంత త్వరగా పని అవుతుందని ఆమెకు తెలిసిపోయింది. వదిలేస్తే టెన్షన్ పోతుందని నాన్నకూ తెలిసిపోయింది. ఒకరికొకరు ట్రైనింగ్ ఇచ్చుకున్నారన్నమాట! మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ దశాబ్దాల పాటు కుటుంబాల్లో గమనించింది ఈ వలయాన్నే.

దెబ్బల సంగతి? 1,60,000 మంది పిల్లల సమాచారాన్ని కలిపి 2016లో గెర్షాఫ్, గ్రోగన్-కేలర్ విశ్లేషించారు. పిరుదుల మీద కొట్టడానికీ పిల్లల్లో దూకుడు పెరగడానికీ సంబంధం కనిపించింది. దూకుడు పిల్లలకే ఎక్కువ దెబ్బలు పడతాయన్నదీ నిజమే, పుట్టు స్వభావమూ ఉంటుంది. తప్పంతా తల్లిదండ్రుల నెత్తిన వేయడం నాకు ఇష్టం లేదు.

మెచ్చుకోలుగా బహుమతులిస్తే? ఇరవై నెలల పిల్లలు సాయం చేసినప్పుడల్లా ఏదో ఒకటి చేతిలో పెడితే, తర్వాత వాళ్లు సాయం చేయడం తగ్గిందని 2008లో వార్నెకెన్, టొమసెల్లో చూశారు.

టీనేజ్ పిల్లల దగ్గరికొస్తే నిఘా పెద్దగా పనిచేయదు. పిల్లల గురించి పెద్దలకు తెలిసేదంతా ఎక్కువగా పిల్లలు తమంతట తాము చెప్పడం వల్లేనని 2000లో స్టాటిన్, కెర్ స్వీడన్‌లో గుర్తించారు. స్కూల్లో ఒకడిని ఏడిపించానని కొడుకు నోరు విప్పిన రోజున మొదటి మాటకే విరుచుకుపడితే, రెండోసారి చెప్పడు. చివరిదాకా విని, ఆ అబ్బాయి ఇప్పుడెలా ఉన్నాడని అడగండి. రేపు వాడితో ఏం మాట్లాడతావని కూడా.

ఇక మీ ప్రశ్నలు అడగండి.